నీళ్ళలో చెప్పిన మాట

శనివారం పొద్దున్నే కోడలు ఈత దుస్తులు తొడుక్కోబోతే అవి తొడల దగ్గరే ఆగిపోయాయి. పొట్ట పెరిగింది, కాస్త వదులు చేసి పెట్టండని మొన్ననే అత్తగారికి ఇచ్చింది. అత్తగారు వీధిలో సగం మందికి బట్టలు కుట్టే మనిషి. కొలత తప్పడం ఆవిడ చరిత్రలో లేదు. వెలుగులో పెట్టి చూస్తే రెండు పక్కలా కొత్త కుట్లు కనిపించాయి. వదులు చెయ్యమంటే బిగించి పెట్టింది మహాతల్లి.

కోడలు సరాసరి కుట్టుమిషను దగ్గరకు వచ్చింది.

"ఇదేంటి అత్తయ్యా?"

"ఆ బట్ట సాగదు. ఇంక ఆ నీళ్ళ గోల వదిలెయ్," అంది అత్తగారు తల ఎత్తకుండానే.

"సాగని బట్టని ఇంత చక్కగా ఎలా బిగించారు?"

గుమ్మంలో బూట్లు తుడుచుకుంటున్న భర్త కల్పించుకున్నాడు. "అమ్మ నీ మంచికేగా చెప్తోంది. ఒకసారి అయింది కదా..." అని నాలుక కరుచుకున్నాడు.

నిరుడు ఐదో నెలలో పోయిన బిడ్డ ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. కోడలు ఏడిస్తే అత్తగారు టీవీ పెట్టేది. భర్తకు బయట ఏదో పని గుర్తొచ్చేది.

"అయింది కాబట్టే వెళ్తాను," అంది కోడలు. "గర్భిణుల నీళ్ళ వ్యాయామానికి డాక్టరమ్మే వెళ్ళమంది. నర్సు పక్కనే ఉంటుంది. నేనేం సముద్రాలు ఈదడం లేదు."

"కడుపుతో ఉన్నదానివి, కాలు జారితే?"

"పట్టుకోవడానికి అక్కడ పదిమంది ఉన్నారు. ఇక్కడే ఎవరూ లేరు."

ఆ మాటకు మిషను ఆగిపోయింది. కోడలు సొరుగులోంచి చిన్న కత్తెర తీసుకుని కింద కూర్చుంది. కళ్ళజోళ్ళ షాపులో చీమ తలంత మరలు బిగించే చేతులవి. బట్టలో ఒక్క పోగు తెగకుండా కుట్లన్నీ విప్పేసింది. అత్తగారు ఉక్రోషంగా చెప్పులేసుకుంది.

"పద, నేనూ వస్తా. ఆ నర్సుని నాలుగు కడిగితేగానీ లాభం లేదు."

ఈతకొలనులో గుండెల లోతు నీళ్ళలో గర్భిణులంతా నడిచారు, గోడ పట్టుకుని కాళ్ళు ఊపారు. అత్తగారు గట్టు మీది బల్ల అంచున కూర్చుని కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. నర్సును కడగడానికి సందు దొరకలేదు, ఆవిడ నీళ్ళలోనే ఉంది మరి.

వ్యాయామం అయ్యాక ఆ గుంపుకో పద్ధతి ఉంది. ఒకరు కాసేపు వెల్లకిలా తేలితే మిగతావాళ్ళు చుట్టూ నిలబడి తల కింద, నడుము కింద చేతులు పెడతారు. తేలే మనిషి మనసులో ఉన్నది చెప్పుకోవచ్చు. పట్టుకున్నవాళ్ళు సలహాలివ్వకూడదు. ముందు కవలల్ని మోస్తున్న బస్సు డ్రైవరమ్మ తేలింది. "ఇద్దరూ ఒకేసారి ఏడిస్తే దారెవరికివ్వాలో," అని అందర్నీ నవ్వించింది. తర్వాత వంతు కోడలిది.

"నాకిది రెండో బిడ్డ," అంది కళ్ళు మూసుకుని. "ఇంట్లో అందరూ మొదటిదే అంటారు. పోయిన నా కూతురికి పేరు కూడా పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. దాని కోసం ఒక్కసారి అందరం కలిసి ఏడిస్తే చాలు, దీన్ని ధైర్యంగా కంటాను."

కింద ఉన్న చేతులు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాయి.

కోడలు మెట్లెక్కి వచ్చేసరికి, గట్టు మీంచి అంతా విన్న అత్తగారు తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. కోడలి జుట్టు తుడవడం మొదలుపెట్టింది.

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"వింటారనుకోలేదు అత్తయ్యా."

"నేను ఏడుపు మొదలుపెడితే ఆగలేనని భయం. ఇల్లంతా కూలబడిపోతుందనుకున్నా. ఈ నీళ్ళన్నా భయమే, మళ్ళీ ఏమవుతుందోనని. నా మనవరాలు కాదా అది?" అత్తగారు తువ్వాలు కొసతో కళ్ళు తుడుచుకుంది. "సాయంత్రం వాడికీ చెబుదాం. వాడూ తండ్రే కదా." కోడలి దగ్గరకు జరిగి అడిగింది. "దాని పేరేంటి?"

కోడలు చెవిలో చెప్పింది. అత్తగారు ఆ పేరును మెల్లగా పలికింది, మళ్ళీ పలికింది. అత్తాకోడళ్ళిద్దరూ ఆ తడి బల్ల మీదే కూర్చుని బావురుమన్నారు. ఈసారి ఎవరూ ఎవర్నీ ఊరుకోమనలేదు.