ఎండుకాయల పూలచెండు

తెల్లవారుజామున ఒక వాన పడి వెలిసింది. ఫిలోమినమ్మకు వాన పడ్డా చాకిరే, పడకపోయినా చాకిరే. పడకపోతే ఊరి చివరి బావి నుంచి ఉప్పునీళ్ళు మొయ్యాలి, పడితే నాపరాళ్ళ వాకిట్లో బురద కడగాలి. సాగర్ కాలువ తవ్వుతున్నారు, నీళ్ళొస్తాయంటున్నారు గానీ, ఆ నీళ్ళు నకరికల్లు పక్కనున్న ఈ పల్లెకు చేరేదాకా తన మోకాళ్ళు ఆగుతాయా అని ఆమె అనుమానం.

అయినా ఆ పొద్దున చీపురు మూలన పడేసి, పార తీసుకుని, గోడ పక్కన చాపంత మడి గుల్ల చేసింది. అది ముసుగుపూల మడి. ఆమె భర్త అంతోని బతికినన్నాళ్ళూ నరసరావుపేటలో ఒక కన్యస్త్రీల మఠంలో తోటమాలి. మఠం మదరమ్మ తన దేశం నుంచి తెప్పించిన విత్తనాలు కాసిని అడిగి తెచ్చి ఇంటి దగ్గర చల్లాడు. నీలం పువ్వు, దాని చుట్టూ పచ్చటి దారాల్లాంటి ఆకు ముసుగు. ఆ పేరు ఆయన పెట్టిందే.

పువ్వుది రెండు రోజుల ముచ్చట. అసలు అందమంతా తర్వాత వచ్చే కాయది. ఎర్రచారలతో బుడగలా ఉబ్బుతుంది, నెత్తిన చిన్న చిన్న కొమ్ములు వస్తాయి. పూర్తిగా నెర్రెలివ్వక ముందే కోసి, నీడలో తలకిందులుగా వేలాడదీస్తే ఏళ్ళ తరబడి చెక్కు చెదరదు. "మల్లెపూలు మధ్యాన్నానికే వాడతయ్. నేను పోయినాక నా సమాధి మీద ఇయ్యే పెట్టు" అని నవ్వుతూ అనేవాడు అంతోని. నవ్వుతూ అన్నవాడు నిజంగానే పోయాడు. అప్పటి నుంచీ ప్రతి నవంబరులో సమాధుల పండగకు ఆయన సిలువ దగ్గర ఆ కాయల కట్ట ఉండాల్సిందే.

పోయినేడు ఎవరిదో మేక మడిలో పడి కాయలు మేసింది. దాని కాళ్ళ కింద నలిగిన కాయల్లోంచి దక్కింది గుప్పెడు గింజలు. పురుగు పట్టకుండా ఊళ్ళో అందరూ చేసినట్టే వాటిని బూడిదలో కలిపి, చిన్న గురుగులో పోసి, వంటింటి గూట్లో దాచింది. ఈసారి పండగకు సమాధి మీద పెట్టడానికి కాయ లేదు. ఈ గింజలు కూడా మొలవకపోతే ఇక ఎప్పటికీ ఉండదు.

గూట్లో చెయ్యి పెట్టి గురుగు తీసింది. తేలిగ్గా ఉంది. కడిగి బోర్లించినట్టు శుభ్రంగా ఉంది.

"ఇందులో గింజలేమైనయ్?"

పొయ్యి ముందు వియ్యపురాలు ప్రేమమ్మ కూర్చుని ఉంది. కూతురు కాంతమ్మ రెండో కాన్పుకు సాయం చేద్దామని ఈపూరు నుంచి వచ్చింది.

"నల్లజీలకర్రేనా వదినా? బాలింత కాయంలో దంచేశాగా! అంగళ్ళన్నీ తిరిగినా దొరకలా. ఇంట్లోనే పెట్టుకుని ఊరంతా తిరిగానే అనుకున్నా. బూడిదలో కలిపి మరీ దాచావు, ఎంత జాగర్త మనిషివో! చెరిగి, కడిగి, ఆరబెట్టి, శొంఠి మిరియాలతో కలిపి దంచా. అమ్మాయికి పాలు చాలట్లేదు గదా."

ఫిలోమినమ్మ గోడకు చేరగిలబడింది.

"నల్లజీలకర్రంట! అయ్యి మా ఆయన పూల గింజలు! పరాయింట్లో గూట్లో చెయ్యి పెట్టేముందు ఒక మాట అడగొద్దా?"

ప్రేమమ్మ మొహం పాలిపోయింది. "పూల గింజలా? విషమేమన్నా కాదు గదా? అయ్యో, నా బిడ్డ పొద్దున్నే ముద్ద తిన్నది వదినా!"

"విషమైతే ఆ మేక చచ్చుండేది, తిని బలిసింది! నీ బిడ్డకేం కాదు. పోయింది నాది."

బిడ్డకేం కాదని తెలిశాక ప్రేమమ్మకు ఊపిరొచ్చింది, ఊపిరితోపాటు కోపమూ వచ్చింది. "గింజల కోసమా ఇంత రంకె? నిన్న పాలు చాలక పసిది గుక్కపట్టి ఏడుస్తుంటే నువ్వు వాకిట్లో మడి చూసుకుంటా కూర్చున్నావు. ఒక్కసారన్నా లోపలికొచ్చావా?"

మాట గుచ్చుకుంది. నిజమైన మాట ఇంకా లోతుగా గుచ్చుకుంటుంది కదా. అందుకే ఫిలోమినమ్మ అనకూడని మాట అనేసింది.

"వచ్చినకాడి నుంచీ చూస్తన్నా, నా గూడు, నా గిన్నెలు, నా పెత్తనం ఏదీ మిగల్లా. ఈపూరు బస్సు రోజూ ఉంటది!"

ప్రేమమ్మ లేచి తన చీరలు మూట కట్టడం మొదలుపెట్టింది. బడికి బయలుదేరుతున్న కొడుకు ఆనందరావు పంతులు గుమ్మంలో తల పెట్టి, "ఏందమ్మా, గుప్పెడు గింజలకి ఇంత గొడవ? అత్తా, నువ్వన్నా ఆగు" అన్నాడు.

"నువ్వు నోర్ముయ్యరా" అంది తల్లి. "మీరు బడికి పోండి అల్లుడుగారూ" అంది అత్త. ఆ పొద్దున ఇద్దరికీ పొత్తు కుదిరింది ఆ ఒక్క విషయంలోనే. పాపం, ఆయన బడికి పోయాడు.

ఫిలోమినమ్మ వచ్చి మడి గట్టున కూర్చుంది. కోపం అప్పుడే చల్లారిపోయింది. కోపాన్ని పట్టుకు కూర్చోవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి. 'చూశావా అంతోనీ, నీ పేరు చెప్పుకుని ఇంటికొచ్చిన మనిషిని పొమ్మన్నాను' అనుకుంది. నిన్న పసిపిల్ల ఏడుపు తనకు వినిపించిందా? వినిపించే ఉంటుంది. లేవలేకపోయింది, అంతే.

వెనక అడుగుల చప్పుడైంది. కాంతమ్మ చేతిలో తెల్లగుడ్డ మూటతో నిలబడి ఉంది.

"బాలింతవి, తడి వాకిట్లోకి వస్తావేందే! చెవులకు గుడ్డ కట్టుకోవే!" కసరడం అలవాటై నోరు తనంతట తనే కసిరింది.

కాంతమ్మ మూట విప్పింది. లోపల వెలిసిపోయిన రిబ్బను కట్టిన ముసుగుపూల కాయల చెండు. ఒక్క కాయ కూడా నలగలేదు.

ఫిలోమినమ్మకు కొడుకు పెళ్ళి గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందటి మే నెల. గుంటూరు నుంచి తెప్పించిన పెళ్ళిపూలు పల్నాటి ఎండకు దారిలోనే కమిలిపోయాయి. చర్చి వాకిట్లో పెళ్ళికూతురు ఉత్త చేతులతో నిలబడి ఉంటే, తనే ఇంటికి పరిగెత్తి, దూలానికి వేలాడుతున్న ఈ కాయలు దింపుకొచ్చి చెండు కట్టి చేతిలో పెట్టింది. ఆడపెళ్ళివారు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు.

"ఏనాడో పొయ్యిలో పెట్టుంటావనుకున్నా."

"ఎందుకు పెడతా అత్తయ్యా? ఆ రోజు మావాళ్ళు 'ఎండుకాయల పెళ్ళికూతురు' అని నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. మీరు నా చెయ్యి పట్టుకుని, 'ఇయ్యి వాడవమ్మా, నా ఇంట్లో నువ్వు కూడా వాడగూడదు' అన్నారు. అందుకే పెట్టె అడుగున దాచుకున్నా." కాంతమ్మ గుమ్మం వైపు చూసింది. "లోపల మా అమ్మ మూట కట్టుకుంటంది. ఆమె పోతే నేను వాడిపోతానత్తయ్యా."

ఫిలోమినమ్మ కోడలి చెయ్యి పట్టుకుని భోరుమంది. అంతోని పోయిన రోజున కూడా పనుల్లో పడి ఇంతలా ఏడవలేదు.

లేచి వంటింట్లోకి వెళ్ళేసరికి ప్రేమమ్మ మూట చంకన పెట్టుకుని గడప దగ్గర ఉంది. తప్పయిందని చెప్పడం ఫిలోమినమ్మకు చేతకాదు. పొయ్యి పక్కనున్న కాయం గిన్నె మూత తీసి, చిన్న ఉండ నోట్లో వేసుకుని నెమ్మదిగా చప్పరించింది.

"శొంఠి ఎక్కువైంది వదినా. ఇంకొంచెం బెల్లం పడాల."

ప్రేమమ్మ మూట చంకలోకి ఇంకాస్త ఎగదోసుకుంది.

"సమాధి మీద పెట్టాలని దాచా. ఆయన మనవరాలి పాలల్లో కలిశాడు. ఆయనకి అంతకంటే చోటేం కావాల? నా నోరు మంచిది కాదు వదినా. ఆ మూట దించు."

ప్రేమమ్మ మూట దించింది. "అడక్కుండా తీసింది నేనే కదా వదినా" అంటూ కళ్ళు తుడుచుకుంది.

ముగ్గురూ చేట ముందు కూర్చున్నారు. కాంతమ్మ చెండును తలకిందులు చేసి మెల్లగా దులిపింది. కాయల కొనల్లోంచి నల్లటి గింజలు చేటలో చిటపటా రాలాయి. కాయలు మాత్రం అలాగే నిలిచాయి.

"గింజలు మడికి. చెండు మామయ్యకి" అంది కాంతమ్మ.

"నాలుగేళ్ళ గింజలు, మొలుస్తయ్యంటావా వదినా?" అంది ప్రేమమ్మ.

"చూద్దాం" అంది ఫిలోమినమ్మ. గింజలు కొంగులో పోసుకుని వాకిట్లోకి వచ్చి తడిమట్టిలో చల్లసాగింది.

సగం మడి చల్లిందో లేదో, లోపల పసిపిల్ల కేరుమంది. ఈసారి అందరికంటే ముందు విన్నది ఆమే. మిగిలిన గింజలు కొంగున ముడేసుకుని, మట్టిచేతులు కడుక్కుని, "వస్తన్నానమ్మా, వస్తన్నా" అంటూ కుంటుకుంటూనే లోపలికి పరిగెత్తింది.