రోజుకొక్క పాత కాల్

"రేపు కాల్ తీసేస్తున్నం. కృప గారికి చెప్దామని వచ్చిన."

వాకిట్లో బంతిపూలు ఏరుతున్న కృప తల్లి మేరీ చేతిలోంచి గంప జారింది. "ఓ శాంసన్! పాపం, ఈ పిలగానికి రేపు కాలు తీసేస్తరంట!"

"కాలు కాదమ్మా, కాల్! కంప్యూటర్‌లోది!" జయరాజ్ రెండు కాళ్లమీదా ఎగిరి చూపించాడు. కాళ్లకు ఢోకా లేదు గాని, గుండెకే దడ.

మొయినాబాద్‌లో అతని కంపెనీ చిన్న యంత్రాలకు ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తుంది. ప్రోగ్రాములు ఆ సిస్టమ్‌ను టైమెంతని అడిగే పాత కాల్ ఒకటుంది. కొత్తది వచ్చింది కనుక పాతదానికి సెలవు. దాన్ని ఇంకా వాడేవాళ్ల పేర్లు రోజూ కంపెనీ లాగ్‌లో, అంటే రికార్డు చిట్టాలో, పడతాయి. వాళ్లకు ఫోన్ చేసి మార్చుకొమ్మని బతిమాలే డ్యూటీ జయరాజ్‌ది. ఆరునెలల్లో అందరూ మారారు. మిగిలింది ఆలూరు పూల కోల్డ్ రూమ్‌కు కృప రాసిన ప్రోగ్రామ్ ఒక్కటే.

ప్రతి సోమవారం ఫోన్లో కృపది ఒకటే మాట. "టైం దొరకలే సార్, వచ్చే సోమవారం ఫోన్ చేయుండ్రి." టైం అడిగే ప్రోగ్రాముకే టైం లేదట!

రేపు కాల్ పోతే కోల్డ్ రూమ్ ఆగుతుంది. ఊరి పూలన్నీ వాడిపోతాయి. వాటితోపాటు తన సోమవారాలూ.

కోల్డ్ రూమ్ తలుపు తీసుకొని కృప వచ్చింది. ఇన్నాళ్లూ ఆ గొంతుకు ముఖం లేదు. ఇప్పుడు ముఖం కనబడింది, జయరాజ్‌కే గొంతు లేదు.

"ఏంది సార్, సోమవారం రాకముందే ఊడిపడ్డరు?"

"కోడ్ చూపియ్యండి. ఇద్దరం కూసొని ఇప్పుడే మారుద్దాం."

"వద్దు."

"పూలు పాడైతయి కృప గారూ!"

"కావు. మీరు పొండి జర!"

గేటు దగ్గర పూల గంప దించుతున్న ఊరి రైతు మైసయ్య ఆ మాట పట్టుకున్నాడు. "పాడైతయా? నావి పదిహేను గంపలున్నయి లోపల!"

మేరీ కేకకు బయటికొచ్చిన శాంసన్ కూతురివైపు తిరిగాడు. "చూపియ్యి బిడ్డా. ఊరోళ్ల పూలు."

కృప లాప్‌టాప్ తెచ్చి, తల తిప్పుకొని అతని చేతిలో పెట్టింది.

జయరాజ్ చదివాడు. అంతా కొత్త కాలే! మార్చుకొని ఐదు నెలలైంది. అడుగున మాత్రం ఒక్క వరుస: రోజూ ఉదయం పదింటికి పాత కాల్‌ను ఒక్కసారి పిలవడం, వచ్చిన జవాబును పారేయడం.

"దీంతో ఏం పని లేదు గద?"

"ఉన్నది." ఆమె గంపలోని బంతిపువ్వు ఒకటి తీసి రేకులు తుంచింది. "లాగ్‌ల పేరు పడకపోతే మీరు ఫోన్ చేయరు గద."



"నా పూల సంగతేంది తమ్మీ?" మైసయ్య అరిచాడు.

"ఫికర్ వద్దన్నా, పూలకేం కాదు." జయరాజ్ అందరివైపూ తిరిగాడు, చెవులదాకా ఎర్రబడి. "మిషన్ ఎప్పుడో మారింది. ఇన్నాళ్లు రోజూ పిలిచింది ఈమె. నేను మిషన్ అనుకున్న. మా ఆఫీసుల కూడా అట్లనే చెప్పి, కాల్ తీసే తారీకు మూడుసార్లు జరిపిన." శాంసన్ కళ్లలోకి చూశాడు. "జరిపింది మిషన్ కోసం మాత్రం కాదు, అంకుల్."