ఖాళీ లేని కుర్చీలు

గుబ్బల అబ్బులు పోయి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో నీటిసంఘం మీటింగుకి ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదు. బతికున్నన్నాళ్ళూ ఏ పనికీ వేళకి రాని మనిషి పోయాక ఇంత బుద్ధిమంతుడయ్యాడేమిటా అని అతని భార్య నూకరత్నం ప్రతి నెలా విస్తుపోయేది.

ఆ రోజూ అంతే. పదకొండింటికి హాలు తలుపు తీయగానే అబ్బులు నీడకుర్చీ వెలిగింది. వీపు ఆనే చోట అతని మొహం తేలింది. "అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారి మాటే నా మాట" అంది కుర్చీ, అచ్చం అబ్బులు గొంతుతో. నూకరత్నం పక్క కుర్చీలో కూర్చుని, ఆ పూట ఏం వండిందో చెవిలో చెప్పినట్టు మెల్లగా చెప్పింది. చాలా బాగుంటుంది రత్నం, అంది కుర్చీ. అసలు అబ్బులు నలభై ఏళ్ళ కాపురంలో ఆ ముక్క ఒక్కసారీ అనలేదు. అనలేదని తెలిసీ ఆమె నెలనెలా వినడానికి వచ్చేది.

నీడకుర్చీలు రాకముందు గోదావరి లంకల్లో సంఘాల పని మహా సుఖంగా ఉండేదట. సభ్యుడు పోతే ఆ చోటు మూడేళ్ళు ఖాళీ. కోరం లేదని మీటింగు వాయిదా. ఒక లంకలో ఇలా వాయిదాలు పడుతూ ఉండగా కాలవలో పూడిక పెరిగి, దానిమీద చెట్లు మొలిచి, చెట్లకు తేనెపట్లు పట్టి, ఆ తేనెను ఎవరు పంచుకోవాలో తేల్చడానికి మళ్ళీ మీటింగు పెడితే దానికీ కోరం లేకపోయిందని చెప్పుకుంటారు.

విసిగిపోయిన ప్రభుత్వం ఇరవై ఏళ్ళ కిందట చట్టం మార్చింది. ఇకపై సంఘంలో ఖాళీ అనేదే ఉండదు. సభ్యుడు చనిపోతే అతని పాత హాజరునూ ఓట్లనూ చదువుకున్న నీడకుర్చీ, అతను బతికుంటే ఎలా నడిచేవాడో అలాగే నడుస్తుంది. వచ్చేవాడైతే వెలుగుతుంది, రానివాడైతే వెలగదు. గోడనున్న హాజరు తక్కెడ ఎందరున్నారో లెక్క చూసి కోరం ప్రకటిస్తుంది.

పొన్నగంటిలంక సంఘానికి తొమ్మిది కుర్చీలు. సగానికి మించాలి కనుక కోరం ఐదు. నలుగురు బతికున్నారు, ఐదుగురు పోయారు. అంటే ఊరిని ఏలడానికి చచ్చినవాళ్ళే చాలు.

ఆనాటి తీర్మానం ఒక్కటే. లంకనంతా ఇసుక తవ్వకానికి అప్పగించి, మూడు వందల గడపల జనమూ గట్టుమీది పన్నెండంతస్తుల మేడల్లోకి పోవాలి. తెచ్చినవాడు అధ్యక్షుడు చిక్కం బాపిరాజు. వద్దన్నవాళ్ళు మిగిలిన ముగ్గురు: నూకరత్నం, చిట్టెయ్య, సూర్యావతి. కిందటి నెల ఈ ముగ్గురూ మీటింగు మధ్యలో లేచిపోయి చూశారు. బాపిరాజు ఐదు నీడల్ని పెట్టుకుని, ఆరుగురున్నారని కోరం చూపించి, దర్జాగా లంకంతా కొలతలు వేయించాడు.

ఈసారి తీర్మానం చదవడం అవగానే చిట్టెయ్యా సూర్యావతీ లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. వెనకాల బెంచీల మీద కిక్కిరిసిన జనం నూకరత్నం వైపు చూశారు. ఆమె లేచింది గానీ బయటికి పోలేదు. మొగుడి కుర్చీ చేతిమీద అరచెయ్యి ఆనించింది.

చట్టంలో ఆ వీలు ఉంది. పోయినవాడి భార్యో భర్తో బిడ్డలో అలా చెయ్యి ఆనించి అతని అలవాటును దిద్దవచ్చు. కుర్చీ నాడి చూస్తుంది, అబద్ధమైతే ఒప్పుకోదు. ఇన్నేళ్ళలో ఎవరూ దిద్దలేదు. దిద్దితే ఊరి గుట్టు బయటపడుతుంది మరి. ఆ లంకలో మీటింగుకి ఎవరూ వెళ్ళేవారు కాదు. బంట్రోతు వేలిపలక పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు. మగవాళ్ళు ఏటిమీద ఉంటే ఆడవాళ్ళే వేలు నొక్కి పంపేసేవారు. రానివాడు వచ్చినట్టూ, వినని తీర్మానానికి సరే అన్నట్టూ పడేది. నీడలు చదువుకున్న చదువు అదీ.

నూకరత్నం ఆ సంగతంతా దాచకుండా చెప్పింది. అబ్బులు ఈ గడప ఏనాడూ తొక్కలేదనీ, పడిన ప్రతి హాజరూ తన బొటనవేలేననీ చెప్పింది.

బాపిరాజు కంగారు కనపడనీయలేదు. "అత్తా, దొంగ హాజరుకి ఆరు నెలలు జైలు. తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలుసు అల్లుడా. ఉండొత్తాను. లంకుంటే గదా తిరిగొచ్చేది."

కుర్చీ ఆమె నాడి చూసుకుంది. దానిమీది మొహం మారింది. నమస్కారం పెట్టే మొహం పోయి, చిరాకుపడే మొహం వచ్చింది. "ఈ ఏళప్పుడు మీటింగేంటే? ఏటికెల్లాలి, లే" అంది. ఆరేళ్ళకి వినపడిన అసలు అబ్బులు. ఆ ఒక్క ముక్కా అని కుర్చీ ఆరిపోయింది. నూకరత్నం చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత వరండాలోకి నడిచింది.

నీడలు నాలుగు, అధ్యక్షుడితో ఐదు, కోరం ఉంది, అంది తక్కెడ. బాపిరాజు నవ్వాడు. మిగిలిన నీడల్లో ముగ్గురి పిల్లలు ఎప్పుడో ఊరు దాటిపోయారు. నాలుగోది అతని సొంత తండ్రి గవర్రాజుది.

అప్పుడు వెనక బెంచీ నుంచి బాపిరాజు తల్లి వీరాయమ్మ లేచింది. ఎనభై దాటిన మనిషి, కర్ర పొడుచుకుంటూ మొగుడి కుర్చీ వైపు నడిచింది. కొడుకు అడ్డం వచ్చి, అమ్మా, పరువు పోతుంది, అన్నాడు గొంతు తగ్గించి.

"నీ బాబు మీటింగని సెప్పి పదేళ్ళు ఎవరింటికెల్లాడో ఈ లంకంతా ఎరుగుదురు. ఆ హాజర్లకి ఏలు నొక్కింది నేనే, ఎరగనట్టు నటించాను. ఇంకా దాయడానికి నాకాడ పరువెక్కడుందిరా? ఇల్లుంది. అది ఒదలను" అని అరచెయ్యి ఆనించింది.

గవర్రాజు నీడ తల దించుకుని ఆరిపోయింది. జనంలో మొదట ఒకరు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశారు.

తక్కెడ నాలుగు చూపింది. బాపిరాజు తేలిగ్గా ఓడేవాడు కాడు. రెండు కుర్చీలు ఖాళీ అయ్యాయి కనుక మొత్తంలోంచి వాటిని తీసెయ్యాలనీ, ఏడు కుర్చీలకు నాలుగే కోరమనీ వాదించాడు. పాత చట్టం ప్రకారం ఆ వాదన గట్టిదే. కానీ తక్కెడకు తెలిసింది కొత్త చట్టం.

"సంఘంలో ఖాళీ అనేది లేదు" అంది తక్కెడ. "మొత్తం తొమ్మిది. ఇద్దరు రాలేదు, ముగ్గురు వెళ్ళిపోయారు. కోరం లేదు."

రేపు పిలిచినా ఎల్లుండి పిలిచినా ఆ ఇద్దరూ రారు. వాళ్ళ చోట ఇంకొకరిని కూర్చోబెట్టడానికి చట్టంలో దారే లేదు. బతికున్న ఆ ముగ్గురిలో ఒకరైనా తనంతట వచ్చి కూర్చుంటే తప్ప, ఆ హాల్లో ఇక ఏ తీర్మానమూ పుట్టదు. ఆ సంగతి అధ్యక్షుడికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

బాపిరాజు వరండాలోకి వచ్చాడు. నూకరత్నం మెట్లమీద కూర్చుని ఉంది. పక్కన వీరాయమ్మ.

"పోయినోణ్ణి మళ్ళీ చంపుకున్నావు కదత్తా. ఇకనుంచి ఆ గొంతు కూడా వినపడదు. ఏం బావుకున్నావు?"

నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్న సంగతి దాచలేదు కూడా.

"ఆరేళ్ళుగా నీకు సరే సరే అంటా కూకున్నోడు నా మొగుడు కాదు బాబూ. నా మొగుడు ఏటికెల్లాడు. పోలీసులొత్తే ఇంటికి పంపించు. ఆ ఇంట్లోనే ఉంటాను."