రౌటర్ మీద కప్పిన చీర

అడగనిది చెప్పకపోతే అది అబద్ధమవుతుందా? ఈ సందేహం దయానంద్‌కు చిన్నప్పుడు సండే స్కూల్లో పుట్టింది. అడిగితే పాస్టరుగారు నవ్వి, "పెద్దగైతే నీకే తెలుస్తది" అన్నారు. ఇరవై ఏడేళ్లు వచ్చినా తెలియలేదు. ఆర్మూర్‌లో ఇంటర్నెట్ కనెక్షన్లు బాగుచేసే పనిలో చేరి, సువార్త అనే అమ్మాయి ఇంటి గడప తొక్కాక ఆ సందేహం ఇంకా ముదిరింది.

"అన్నా, మధ్యాహ్నం కాంగనే నెట్ పోతుంది" అంది సువార్త మొదటిరోజు.

ఆ 'అన్నా' దయానంద్ చెవిలో ముల్లులా దిగింది.

ఆ ఇల్లు పసుపు మిల్లు పక్కనే. ఎండిన పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము మధ్యాహ్నం రెండింటికి తిరగడం మొదలుపెడితే, కిటికీలోంచి పచ్చటి దుమ్ము గదంతా పరుచుకుంటుంది. అందుకే సువార్త తల్లి ఎంకవ్వ, డ్రమ్ము చప్పుడు వినగానే పాతచీర నాలుగు మడతలు పెట్టి రౌటర్ మీద కప్పుతుంది. గాలాడక అది వేడెక్కి ఆగిపోతుంది.

చూడగానే దయానంద్‌కు అర్థమైపోయింది. చెప్పబోయాడు. అంతలో సువార్త దగ్గరికొచ్చి, "గీ రౌటర్ అసలు ఏం చేస్తది?" అంది.

"పోస్టుమ్యాన్ పని. ఫైబర్ వైరుల వెలుతురు లెక్క వచ్చిన సమాచారం గీ పెట్టెకు చేరుతది. ఇంట్ల ఒక్కో ఫోనుకు, ల్యాప్‌టాప్‌కు ఒక్కో ఐపీ అడ్రస్ ఉంటది. అది చూసి ఎవరిది వాళ్లకు ఇస్తది."

"మరి మా పోస్టుమ్యాన్ మధ్యాహ్నం పూట ఎందుకు పండుకుంటుండు?"

ఆ కళ్లలో నవ్వు చూసి దయానంద్ చెప్పాల్సింది మింగేశాడు. చీర పక్కకు తీసి, స్విచ్ ఆపి మళ్లీ వేశాడు. రౌటర్ దీపాలు వెలిగాయి. "మళ్ల పోతే ఫోన్ చెయ్యుండ్రి" అన్నాడంతే.

మళ్లీ పోయింది. మళ్లీ వచ్చాడు. రెండోసారికి 'అన్నా' పోయి 'దయానంద్ గారు' వచ్చింది. మూడోసారికి గారు కూడా పోయి చాయ్ వచ్చింది. ప్రతి ఆదివారం ప్రార్థనలో, ఈసారి చెప్పేస్తాననుకునేవాడు. చెబితే ఇక పిలవదు కదా అని ఆగిపోయేవాడు. అలా రెండు నెలలు గడిచాయి.

నాలుగోసారి సువార్త ముఖంలో నవ్వు లేదు.

"రేపు మూడింటికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. హైదరాబాద్ దవాఖానల నర్సు ఉద్యోగం. పోయిన నెల గిట్లనే నెట్ పోయి ఒకటి చేజారింది. రేపు గంటసేపు ఆగకుంటె చాలు."

చెబితే ఆమె ఊరు విడిచి పోతుంది. చెప్పకపోతే ఇక్కడే ఉండిపోతుంది, తన పుణ్యాన.

"చీర" అన్నాడు.

"ఏం చీర?"

"రౌటర్ మీద కప్పుతున్నరు గద. గందుకే వేడెక్కి ఆగుతుంది. నాకు... మొదటిరోజే తెలుసు."

"తెలిసి గూడ చెప్పలేదా? నా ఉద్యోగం పోయింది."

దయానంద్ పనిముట్లు సంచిలో సర్దుకున్నాడు.

"పోయిరా అన్నా" అంది. తిట్టినా బాగుండేది.

మరునాడు పిలవకుండానే పొద్దున్నే వచ్చాడు. దుమ్ము రాని లోపలి గదిలోకి రౌటర్ మార్చి, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కు ల్యాన్ కేబుల్ లాగాడు. "వైఫై కన్న గిది నిలకడ అవ్వా" అని ఎంకవ్వకు చెప్పి వెళ్లిపోయాడు. సువార్త అటు చూడనైనా లేదు.

పదిరోజులకు ఫోన్ వచ్చింది. "కంప్లైంట్ ఉంది. రా."

వెళ్లి చూస్తే కనెక్షన్ బాగానే ఉంది. వాకిట్లో సువార్త నిలబడి ఉంది.

"ఉద్యోగం వచ్చింది. సోమవారం పోతున్న. గని నువ్వు నాకొక మాట బాకీ ఉన్నవ్. చీర సంగతి చెప్పినవ్. తెలిసి గూడ ఎందుకు దాచినవో చెప్పలే."

పక్కన డ్రమ్ము గడగడలాడుతోంది. మెల్లగా గొణిగి తప్పించుకోవచ్చు. దయానంద్ గొంతెత్తాడు.

"చెప్తే మళ్ల పిలువవని! నిన్ను చూడకుంట ఉండలేకనే దాచిన. తప్పే."

సువార్త కొంగుతో ముఖం మీది దుమ్ము తుడుచుకుంది. కింద దాగిన నవ్వు మాత్రం పోలేదు.

"కోపం ఇంక ఉంది" అంది. "సోమవారం ఏడింటి బస్సుకు నా సంచులు మోస్తే జర తగ్గుతదేమో. బాకీ అయితే తీరింది."