గడ మీద కొబ్బరాకు

“పోటు నిండేది ఆరున్నరకి. లాకులు పేలేదీ అప్పుడే. ముందే గోల చేశావో, బాంబు పడవలో ఉన్నవాడు ప్రాణాలకి తెగించి రిమోట్ నొక్కేస్తాడు,” అని కర్నల్ బాక్ బ్రీఫింగ్ ముగించాడు.

లాకుల తలుపులు పోతే సముద్రపు ఉప్పునీరు మెకాంగ్ పాయల వెంట ఎగదన్ని పన్నెండు ఊళ్ల వరిచేలల్లోకి జొరబడుతుంది. చేలన్నీ పొట్ట మీదున్నాయి. అందులో ఏజెంట్ తొవాయ్ తల్లి పొలం కూడా ఉంది. కాపురమున్న పడవని అమ్మేసి ఆమె కొన్న పొలం అది.

ఉదయం ఆరుంబావు. లాకుల పక్కనే పడవల సంత. తొవాయ్ దొంగమీసంతో, గుమ్మడికాయల పడవలో తచ్చాడుతున్నాడు. మనసు ఒకచోట నిలవడం లేదు. అతని వాచీలో పేలుడు మందుని పసిగట్టే సెన్సార్ ఉంది కానీ, చేపల సాస్ వాసనకి అది ప్రతి పడవ దగ్గరా కుయ్యిమంటోంది. విసుగొచ్చి దాన్ని ఆపేసి జేబులో కుక్కాడు.

ఎదురుగా ఓ మోటారు బోటు వచ్చింది. అందులో పట్టు బట్టలూ నల్లకళ్లద్దాలతో క్విన్, పక్కనే విదేశీ ముఠా నాయకుడు. క్విన్ డబుల్ ఏజెంట్. పుట్టింది ఈ కాలవల మధ్యనే అయినా, ఆమె ఎవరి మనిషో తొవాయ్‌కి ఇప్పటికీ తేలలేదు.

“అనాసలు పుల్లగా ఉంటాయా?” అని అడిగింది. అది కోడ్.

“నేనమ్మేవి గుమ్మడికాయలు మేడమ్.”

బోటు సాగిపోయింది. బాంబు అనాసల పడవలో ఉందన్నమాట. సంతలో అనాసల పడవలు నలభై. అసలు నిజం చెప్పిందా, దారి తప్పించిందా?

అంతలో నూడుల్స్ అమ్మే ముసలావిడ గొణుగుతూ పడవ పక్కకి తెచ్చింది. ఇంటి వరస లెక్కలో ఏడోది కాబట్టి సంత మొత్తానికీ ఆమె ఏడో పిన్ని.

“పడవ అమ్మకానికి పెట్టి, రేటడిగితే కసురుతాడేంట్రా వాడు? అనాసలు కావాలంటే కొను, లేకపోతే పో అంటాడు.”

తొవాయ్ తల తిప్పాడు. ఈ సంతలో గడకి ఏం కడితే అదే సరుకు. కొబ్బరాకు కడితే మాత్రం పడవనే అమ్ముతున్నారని. ఆవిడ చూపించిన పడవ గడకి అనాసతో పాటు కొబ్బరాకు కూడా వేలాడుతోంది. అమ్మ ఆకు కట్టిన రోజు అతనికి గుర్తొచ్చింది. ఇక్కడ పుట్టినవాడెవడూ ఆ ఆకుని ఊరికే కట్టడు.

“పిన్నీ, బేరం వదలకు. పదిమందిని పిలువు.”

నిమిషంలో పడవలన్నీ వాణ్ణి చుట్టుముట్టాయి. చెక్క నానిపోయిందని ఒకరు, ఇంజను పాతదని ఇంకొకరు. తొవాయ్ కూడా కొనేవాడిలా పడవెక్కి, అడుగు చెక్కలు తట్టి చూస్తూ వాడి వెనక్కి చేరాడు. ఆరు ఇరవై తొమ్మిది. వాడి చెయ్యి చొక్కాలోకి పోయింది. బొటనవేలు బటన్‌ని తాకేలోగా తొవాయ్ వాడి మణికట్టు మెలిపెట్టి రిమోట్ లాక్కున్నాడు.

“ఆకు ఎవరు కట్టమన్నారు?”

“క్విన్. ఇక్కడందరూ కడతారు, అనుమానం రాదంది.”

తొవాయ్ మోటారు బోటు వైపు చూశాడు. క్విన్ కళ్లద్దాలు తీసేసి, ముఠా నాయకుడి డొక్కలో పిస్టల్ ఆనించి కూర్చుంది. ఆమెని అనుమానించినందుకు అతనికి సిగ్గేసింది.

ఏడో పిన్ని మాత్రం పడవ అంచు వదల్లేదు.

“మీసం ఊడింది, అతికించుకో. ఇంతకీ ఈ పడవ ఇస్తారా, ఇవ్వరా?”