ఎండకు చావని సూక్ష్మజీవి

తనకల్లు దగ్గరి ల్యాబ్‌లో డాక్టర్ అతావుల్లా మైక్రోస్కోప్ మీదికి వంగి ఉండగా, వెనకనుంచి వచ్చిన తూటా అతని ప్రాణం తీసింది. ఫ్రిజ్‌లోని ఒక ట్యూబ్ మాయమైంది. అసిస్టెంట్ హేమలత కూడా మాయమైంది.

ఆ అందగత్తె మామూలు అసిస్టెంట్ కాదు. ల్యాబ్‌కు రక్షణగా డిపార్ట్‌మెంట్ పెట్టిన ఏజెంట్.

"డబుల్ ఏజెంట్," అన్నాడు చీఫ్ విజయభాస్కర్. "మన జీతం, వాళ్ల పని. ఆ ట్యూబ్‌లో ఏముందో తెలుసా, సుల్తానా?"

ఏజెంట్ సుల్తానాకు తెలుసు. చనిపోయింది ఆమె అన్న.

"కాలే బండల మీద బతికే బ్యాక్టీరియా, సార్. తీవ్రమైన ఎండకు కణంలో డీఎన్ఏ దెబ్బతింటుంది. దాన్ని అలాగే కాపీ చేస్తే తప్పులు పేరుకుని కణం చస్తుంది. ఇది మాత్రం ముందు మరమ్మతు చేసుకుంటుంది. తర్వాతే కాపీ."

"ఆ మరమ్మతు జీన్లు వేరుశనగ తెగులు క్రిమిలోకి ఎక్కిస్తే?"

"ఎండకు చావని తెగులు. అనంతపురంలో పంట మిగలదు."

"కొనేవాడు కార్ల్, విదేశీ ముఠా మనిషి. పుట్టపర్తి లాడ్జిలో హేమలతను కలుస్తున్నాడు. ఇద్దరూ బేరంలో ఉండగా దొరకాలి. ప్రాణాలతో! నీ కోడ్ వర్డ్ 'రెండు పోగులు'. వినగానే టీమ్ పైకి వస్తుంది."

ప్రాణాలతో అన్న మాట సుల్తానాకు రుచించలేదు.

గదులు ఊడ్చే మనిషిగా లాడ్జిలో చేరింది. హేమలత టిఫిన్‌కు దిగినప్పుడు గదిలో మైక్ అమర్చి, ట్యూబ్ మార్చేసింది. కొత్తదానిలోనూ అదే గులాబీ రంగు బ్యాక్టీరియా. కానీ మరమ్మతు జీన్లు తీసేసినది. పోల్చి చూడటానికి అన్నే తయారు చేసుకున్నాడు.

కార్ల్ వచ్చాడు. ట్యూబ్‌లోది ప్లేటు మీద పూసి, అల్ట్రావయొలెట్ లైట్ కింద పెట్టాడు. బతికి పెరిగితే సరుకు అసలుది. రెండు రోజులు ఆ గదిలోనే కాచుకుని మూత తీశాడు. ప్లేటు ఖాళీ.

"చచ్చిన సరుకు అమ్ముతావా?"

తలుపు బయట సుల్తానా ఇయర్‌ఫోన్‌లో అంతా వింటోంది. పిస్తోలు లోడ్ చేసిన చప్పుడు. హేమలత ఏడుపు. "ఒద్దు! నేనేమీ మార్చలా!"

సుల్తానా కదల్లేదు. ఒక్క క్షణం ఆగితే చాలు. అన్న పగ తన చేయి పడకుండానే తీరిపోతుంది.

కానీ చావు క్షణంలో ముగుస్తుంది. అంత తేలిగ్గా పోనివ్వడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"రెండు పోగులు!"

తలుపు తన్నింది. బకెట్‌లోని ఫినాయిల్ కార్ల్ కళ్లల్లో పడింది. తూటా సీలింగ్‌లోకి పోయింది. టీమ్ దూసుకొచ్చి ఇద్దరికీ బేడీలు వేసింది.

"ఎవరు నువ్వు?" అంది హేమలత.

"అతావుల్లా చెల్లెల్ని. వాకిలి కాడ్నే నిలబడి అంతా ఇన్నా."

"మళ్ల ఎందుకు కాపాడినావు?"

"సచ్చిపోతే నీకు సుఖం. బతుకు. జైల్లో దినామూ మా యన్న మొగం తలుసుకుంటా బతుకు."

మెట్లెక్కి వచ్చిన లాడ్జి మేనేజర్ అంజినప్ప సీలింగ్‌నూ, నేలనూ, బేడీలనూ చూసి నోరు తెరిచాడు.

"ఏమ్మా, గది ఊడ్చమంటే ఇదేం పని?"

"సెత్త శానా ఉండాదన్నా," అంది సుల్తానా. "జీపు తెప్పించినాం."