పోయొస్త అనే ఫంక్షన్

ఎల్లారెడ్డి బస్టాండులో పట్టపగలు సైలెన్సర్ పిస్టల్ దగ్గింది. ఏజెంట్ దేవేందర్ కూలిపోయాడు.

ఆ పొద్దున కామారెడ్డిలో బైక్ ఎక్కుతూ అతను "పోతున్న" అన్నాడు. "గట్ల అనకు, పోయొస్త అను" అని కసిరింది భార్య గంగామణి. ఆమె కూడా కోడ్ రాసే ఏజెంటే. నవ్వుతూ "పోయొస్త" అన్నాడు. రాలేదు.

మూడో నాడు చీఫ్ గౌస్ ఆమెను పిలిచాడు.

"దేవేందర్ రాసిన గరుడ సాఫ్ట్‌వేర్‌ను విదేశీ ముఠా ఎత్తుకపోయింది. మన వైర్‌లెస్ మాటలు విప్పేది అదే. అది నడిచిందా, సరిహద్దుల మనోళ్లు ఒక్కరు మిగలరు. కోడ్‌ను మిషన్ భాషలకు మార్చే పాత కంపైలర్‌ది గద, కొత్తదాంట్ల లైబ్రరీలు కుదుర్తలేవట. మనిషి కోసం దేవులాడుతున్నరు."

"దేవేందర్‌ను పట్టిచ్చింది?"

"మన హారికే. కాల్చింది గూడ ఆమెనే. డబుల్ ఏజెంట్. నిన్ను ఎన్నడు చూడలే."

"నేను పోయొస్త సార్."

గల్ఫ్ నుంచి వచ్చిన ప్రోగ్రామర్ 'స్వాతి'గా గంగామణి కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ముఠా దిగిన మేడ ఎక్కింది. సెంటు వాసనతో, ఎర్రటి పెదవులతో హారిక ఎదురైంది. దేవేందర్‌ను కాల్చిన ఆ వేళ్లనే చూసింది గంగామణి.

స్క్రీన్ నిండా ఎర్రర్లు. పాత లైబ్రరీ కోడ్ మూటలో ఉన్న ఫంక్షన్లు, ఒక్కో పని చేసే ముక్కలు, కొత్తదాంట్లో లేవు. ఒక్కొక్కదాన్నే సరిచేస్తూ పోతే సాయంత్రానికి ఒక్కటే మిగిలింది.

"'పోయొస్త' అట మేడమ్. ఏ లైబ్రరీల లేదు. రాసినోడు సొంతంగ పెట్టుకున్నడు."

విదేశాల్లో పెరిగిన హారిక నవ్వింది. "పోయేటోడు చెప్పే మాటే కదా? ఆ పేరుతో ఖాళీది పెట్టెయ్."

గంగామణి వేళ్లు ఆగలేదు. పేరు అదే పెట్టింది. లోపల మాత్రం ఖాళీగా ఉంచలేదు. కంపైలర్‌కు పేరు కుదిరితే చాలు, లోపల ఏముందో అనుమానించదు. హారికను నమ్మి దేవేందర్ చేసిన తప్పూ అదే.

ఎర్రర్లు పోయాయి. హారిక పిస్టల్‌ను ఆమె కణతకు ఆనించి, రన్ నొక్కింది.

"నీ పని అయిపోయింది, స్వాతీ."

స్క్రీన్ నల్లబడింది. తెల్లటి అక్షరాలు వచ్చాయి: 'గరుడ ఇంటికి వార్త పంపింది. ఇక్కడ తన కోడ్ ఏమీ మిగల్చలేదు.'

హారిక చూపు స్క్రీన్‌కు అతుక్కుంది. ఆ లిప్తలోనే గంగామణి మోచేయి ఆమె మణికట్టును విరిచింది. కింద గల్లీలో ఆటోలలో కాచుకున్న గౌస్ మనుషులు తలుపు పగలగొట్టారు.

"ఎవరే నువ్వు?"

"దేవేందర్ పెండ్లాన్ని."

పిస్టల్ ఇప్పుడు గంగామణి చేతిలో ఉంది. వేలు ట్రిగ్గర్ మీదకు పోయింది. "వద్దు బిడ్డా" అన్నాడు గౌస్. "ఒక్క గుండు దీనికి తక్కువైతది" అని ఆమె పిస్టల్‌ను అతని చేతిలో పెట్టింది.

బేడీలతో మెట్లు దిగుతున్న హారికను వెనక నుంచి పిలిచింది.

"హారికా! జైలుకు పోతున్న అనే చెప్పు. పోయొస్త అనకు."